"సార్, రెజ్యూమె పెట్టాను, కాస్త చూడండి" అంటే ఎవరూ ఎందుకు చూడరు?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2023లో బీటెక్ అయిపోయింది, అప్పట్నుంచీ అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేశాను. లింక్డ్ఇన్‌లో రెండొందల మందికి పైగా మెసేజ్ పెడితే జవాబిచ్చింది నలుగురు, అందులో ఇద్దరు కోర్సులు అమ్ముకునేవాళ్లు. పెద్ద కంపెనీల్లో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఈ నెట్‌వర్కింగ్ అంతా ఉన్నోళ్ల పిల్లలకేనా?
(పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మీరు పంపిన మెసేజ్ నమూనా చూశాను. "డియర్ సర్, ఐ యామ్ ఫ్రెషర్, ప్లీజ్ రిఫర్ మీ ఎనీ సూటబుల్ జాబ్." నలుగురు జవాబిచ్చారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఏమీ అనుకోకండి, ఒక్కసారి అవతలి మనిషి వైపు నుంచి చూడండి. ఆఫీసు నుంచి వచ్చి, తిని, పిల్లాణ్ని పడుకోబెట్టి రాత్రి పదిన్నరకి ఫోన్ తీస్తాడు. ఇలాంటివే ఇంకో ఆరు ఉంటాయి. మీకు సాయం చేయాలంటే ఆయన మీ రెజ్యూమె తెరవాలి, మీకు ఏ ఉద్యోగం సరిపోతుందో ఊహించాలి, తమ కంపెనీలో అలాంటిది ఖాళీ ఉందో లేదో వెతకాలి. మీరు చేయాల్సిన పనంతా ఆయన నెత్తిన పెట్టారు. చెడ్డవాడు కాదు పాపం, రేపు చూద్దాం అనుకుంటాడు. ఆ రేపు రాదు.

కంపెనీ సైట్లో ఖాళీ మీరే వెతకండి, దాని నంబరు రాసుకోండి, ఆ కంపెనీలో పనిచేసే మీ కాలేజీ సీనియర్‌ని పట్టుకుని ఇలా రాసి చూడండి: "అన్నా, నమస్తే. మన కాలేజీ 2023 బ్యాచ్. మీ కంపెనీలో టెస్టర్ పోస్టు పడింది, నంబరు ఇది. సెలీనియంతో రెండు ప్రాజెక్టులు చేశాను, లింకు కింద ఉంది. ఆ టీమ్‌లో మాన్యువల్ ఎక్కువా, ఆటోమేషన్ ఎక్కువా? ఒక్క ముక్క చెప్తే దానికి తగ్గట్టు ప్రిపేర్ అవుతాను." (మాన్యువల్ అంటే మనిషే కూర్చుని పరీక్షించడం, ఆటోమేషన్ అంటే ప్రోగ్రాముతో పరీక్ష చేయించడం, సెలీనియం అందుకు వాడే టూల్.) జవాబివ్వడానికి అర నిమిషం చాలు. రిఫరల్, అంటే తమ కంపెనీలో మీ పేరు సిఫార్సు చేయమనే మాటే ఎత్తలేదు చూశారా? ఆయన చెప్పింది చదివి, నాలుగు రోజులాగి "మీరు చెప్పినట్టే ఆటోమేషన్ మీద కూర్చున్నాను, ఇదిగో చేసింది" అని చూపించాక అప్పుడడగండి. చాలా కంపెనీల్లో రిఫర్ చేసిన మనిషి చేరితే, చేసినవాళ్లకి బోనస్ కూడా ఇస్తారు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఆయన భయమల్లా ఒకటే, మీరు ఇంటర్వ్యూలో తేలిపోతే అక్కడ తన పేరు పోతుందని. ఆ భయం తీర్చేది మీరు చూపించే పనే, "హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్" అనే మాటలు కాదు.

ఇక "తెలిసినవాళ్లెవరూ లేరు" అన్నారే, అక్కడ మీతో ఒప్పుకోను. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను పట్టుకుని, ఆ మనిషిని మీరెంత తరచుగా కలిసేవారు అని అడిగాడు. తరచూ కలిసేవాళ్లం అన్నది వందకి సుమారు 17 మందే. మిగతా అందరూ అప్పుడప్పుడో, ఏడాదికోసారో, అదీ లేకుండానో కలిసేవాళ్లు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. మీ రూమ్మేట్లకి తెలిసిందే మీకూ తెలుసు, అందరూ అవే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. కొత్త కబురు తెచ్చేది ముఖపరిచయం ఉన్నవాళ్లే. మీ ఇన్‌స్టిట్యూట్ సార్ ఏళ్ల తరబడి బ్యాచ్‌లకి బ్యాచ్‌లు పాఠం చెప్పి ఉంటారు, వాళ్లంతా ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? అడగలేదని పందెం కాస్తాను. అలాగే ప్రాజెక్టు గైడు, పెళ్లిలో ఒకసారి పలకరించిన బాబాయి గారి అల్లుడు, హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయిన పై గది అన్న.

ఇంగ్లీషు సంగతి. యాసతో టెన్షన్ పడకండి, మాట ఆగకుండా సాగితే చాలు. టోస్ట్‌మాస్టర్స్ అని, నలుగురిలో మాట్లాడటం సాధన చేసే క్లబ్బులు, 1924లో కాలిఫోర్నియాలో మొదలైనవి, హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, అతిథిగా వెళ్లి చూడొచ్చు. అప్పటికప్పుడు ఒక అంశం ఇచ్చి ఒకట్రెండు నిమిషాలు మాట్లాడమంటారు, మీరు "ఆ... అంటే..." అన్న ప్రతిసారీ ఒకరు లెక్క రాసుకుంటారు. నేను మొదటిసారి లేచినప్పుడు పదకొండు "యాక్చువల్లీ"లు తేలాయి, చెవులు కాలిపోయాయి. నాలుగో వారానికి మూడుకి దిగాయి.

ప్రశ్న: తెనాలిలో ప్రింటింగ్ వ్యాపారం. వారం వారం పొద్దున్నే టిఫిన్ మీటింగులు పెట్టే ఒక బిజినెస్ క్లబ్బులో చేరమని స్నేహితుడు పోరుతున్నాడు. ఫీజు చూస్తే గుండె గుభేలుమంది. చేరమంటారా?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ఇలాంటి వాటిలో బాగా పేరున్నది బీఎన్ఐ, 1985లో అమెరికాలో మొదలైంది. దాని పద్ధతి ఏమిటంటే ఒక్కో చాప్టర్‌లో (స్థానిక శాఖలో) ఒక్కో వృత్తికి ఒక్కరికే చోటు, అంటే ప్రింటరుగా మీరు చేరితే ఆ చాప్టర్‌లో ఇంకో ప్రింటర్ ఉండడు. సభ్యులు ఒకరికొకరు గిరాకీ పంపుకుంటారు. మీ స్నేహితుడి క్లబ్బులో రూల్ ఏమిటో ముందు కనుక్కోండి, కట్టేముందు అతిథిగా ఒకసారి వెళ్లి రండి. అక్కడి వక్తలను కాదు, కుర్చీల్లో ఎవరున్నారో చూడండి. స్కూళ్లు, ఆస్పత్రులు, ఈవెంట్ల వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఉంటే మీకు పని ఉంది. అందరూ ఇన్సూరెన్స్ ఏజెంట్లే అయితే మీరే వాళ్ల గిరాకీ. తర్వాత లెక్క వేయండి: ఒక ఆర్డరు మీద ఖర్చులు పోను మీకు మిగిలేదెంత, ఫీజు తిరిగి రావాలంటే ఎన్ని ఆర్డర్లు పడాలి? వారానికో పొద్దు పోతుంది, దాన్నీ కలపండి.

చేరినా చేరకపోయినా ఒకటి మాత్రం మానేయండి. "ఎవరికైనా ప్రింటింగ్ కావాలంటే చెప్పండి" అనడం. విన్నవాడు తల ఊపి అక్కడే మర్చిపోతాడు. "జూన్‌లో స్కూలు తెరవబోయేవాళ్లు ఎవరైనా తగిలితే మార్చిలోనే నాకో ఫోన్ కొట్టండి, డైరీలూ బ్రోచర్లూ నేను చూసుకుంటాను" అనండి. కొత్త స్కూలు బోర్డు కనబడ్డప్పుడల్లా మీరు గుర్తొస్తారు. ఇంకోటి, పంపినవాడికి ఆ పని ఏమైందో మీరే చెప్పండి, కుదరకపోయినా సరే. చాలామంది ఈ ఫోన్ చేయరు, రెండోసారి గిరాకీ ఎందుకు రాలేదా అని బుర్ర గోక్కుంటారు.

ప్రశ్న: పదేళ్ల అనుభవం. మీటింగుల్లో నోరు తెరిచేలోపే అయిపోతుంది. నేను చేసిన పని మా టీమ్ లీడ్ తన ఖాతాలో చెప్పుకుంటాడు. సొంత డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు.
(వరంగల్ సోదరి, ప్రస్తుతం బెంగళూరు)

జవాబు: కొట్టుకోకండి. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం అయింది, ఏది ఎవరి దగ్గర ఆగింది, వచ్చే వారం ఏం చేస్తారు. లీడ్‌కి రాసి మేనేజర్‌ని కాపీలో పెట్టండి, మొదటిసారి మాత్రం "ఇకనుంచి వారం వారం ఇలా పంపుతాను" అని లీడ్‌కి ముందే చెప్పండి, లేకపోతే ఫిర్యాదులా ఉంటుంది. మీటింగులో గొప్ప మాట కోసం ఆగకుండా మొదటి ఐదు నిమిషాల్లో ఒక చిన్న ప్రశ్న అడిగేయండి. నోరు ఒకసారి పెగిలాక రెండో మాట అంత బరువుండదు. రెండు నెలలు చేశాక కూడా ఆయన అదే పని చేస్తుంటే మళ్లీ రాయండి, అప్పుడు ఆ మెయిళ్లు ముందేసుకుని మేనేజర్‌తో ఎలా మాట్లాడాలో చూద్దాం.