ఉత్తుత్తి పిల్లలతో భయం పోతుందా?

ప్రశ్న: బీఈడీ చేస్తున్నాను. తోటివాళ్లే పిల్లలుగా కూర్చునే సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్, అంటే కొద్ది నిమిషాల సాధన పాఠం) నవ్వులాటగా సాగుతోంది. వచ్చే నెల బడికి వెళ్లాలంటే వణుకు. దీనివల్ల ఉపయోగం ఉందా?

జవాబు: ఉంది, పిల్లల వేషం సరిగా వేస్తేనే. ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో ఒక విడత 36 నిమిషాలు: 6 బోధన, 6 చర్చ, 12 పాఠం మార్చుకోవడం, మళ్లీ 6 బోధన, 6 చర్చ. చాలామంది ఎగ్గొట్టేది ఆ రెండో బోధననే. ధైర్యం వచ్చేది మాత్రం అక్కడే.

నవ్వులాట ఎందుకంటే, తోటివాళ్లు మొహమాటానికి అన్నీ సరిగ్గా చెప్పేస్తారు, లేదా అతిగా అల్లరి చేస్తారు. అందుకే వేరొకరి చేత చీటీలు రాయించి పంచండి. వాటిలో ఏముందో మీకు తెలియకూడదు. భిన్నాల కూడికైతే ఒక చీటీలో: '1/2 + 1/3 = 2/5 అను. తప్పంటే, పైవి పైవి, కిందవి కిందవి కలిపానుగా అని వాదించు.' ఇంకో చీటీలో: 'పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు విప్పకు.'

ఆ 2/5 జవాబుకు 'తప్పు, కూర్చో' అనకండి. '2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గుతుందా?' అని అడిగి 3 సెకన్లు ఆగండి. మొదట్లో అవే యుగంలా ఉంటాయి.

చూసేవాళ్లు ఆ పూట ఒక్క నైపుణ్యాన్నే, అంటే ప్రశ్నించడాన్నే, గీతలు గీసి లెక్కించాలి. గొంతు, బోర్డు, చూపు అన్నీ ఒకేసారి ఏకరువు పెడితే ఉన్న ధైర్యమూ పోతుంది.