కోర్సు ఎంచుకునే ముందు ఆసుపత్రి చూడు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీట్ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు రాదని తేలిందనీ, మళ్లీ నీట్ రాయడానికి ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లకుండా ఈ ఏడాదే ఏదో ఒక హెల్త్ సైన్సెస్ కోర్సులో చేరతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చేరడం మంచిదే. కానీ ‘ఏదో ఒక కోర్సు’ అన్న మాట నాకు దిగులు కలిగించింది. నర్సింగ్ విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పినదాన్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ఈ కోర్సులు డాక్టరు కాలేనివాళ్లు సర్దుకునే చోట్లని చుట్టాలు అనవచ్చు, నువ్వు మాత్రం అలా అనుకోకు. ఒక్కొక్కటీ వేరే పని, వేరే స్వభావం కోరే పని. నర్సుకు రాత్రి డ్యూటీలు తప్పవు, రోగి బాధను మొదట వినేది ఆమే. ఫిజియోథెరపిస్టు పక్షవాతం వచ్చిన మనిషి చేత అదే కదలికను నెలల తరబడి చేయించాలి. ల్యాబ్ టెక్నాలజీ చదివితే మనుషులతో కన్నా నమూనాలతోనే ఎక్కువ సమయం గడుస్తుంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే మొహమాటపడే నీకు అది నచ్చవచ్చు. మందుల గురించి చదివే ఫార్మ్ డీ కోర్సు చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. అంతకాలం చదివినవారిలో చాలామంది వార్డులో కాక, హైదరాబాదు కంపెనీల్లో మందుల దుష్ప్రభావాల నివేదికలు పరిశీలించే కొలువుల్లో ఉన్నారు. అది గౌరవమైన పనే, కాని ఆ సంగతి తెలిసి చేరాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలేజీకి ఉన్న ఆసుపత్రి. నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. పడకలు ఉంటే చాలదు, వాటి మీద రోగులు ఉండాలి. ఓపీ రద్దీగా ఉండే ఉదయం పూట వెళ్లి, వార్డుల్లో ఎంతమంది ఉన్నారో, విద్యార్థులు పని చేస్తున్నారో గోడవారన నిలబడి ఉన్నారో నీ కళ్లతో చూడు. చివరి సంవత్సరం విద్యార్థినిని పక్కకు పిలిచి, ఎన్ని కాన్పులు దగ్గరుండి చూసిందో అడుగు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) లాంటి పెద్దాసుపత్రిలో హాస్టలు వసతి అంతంతమాత్రమైనా, అక్కడ ఒక్క నెలలో చేతికి అలవాటయ్యే పని రోగులు రాని ఆసుపత్రిలో ఏడాదికీ అలవాటు కాదు. అద్దాల భవనం, ఏసీ తరగతి గది చూపిస్తే మీ నాన్నను మురిసిపోనివ్వకు.

గుర్తింపు విషయంలో ఎవరి నోటిమాటా నమ్మవద్దు. కాలేజీకి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందో లేదో, తెలంగాణలోనైతే వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం అనుబంధం ఉందో లేదో వాళ్ల జాబితాల్లోనే చూసుకో. నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ అనుమతి కూడా ఉండాలి. ఫిజియోథెరపీ, ల్యాబ్ వంటి వృత్తుల కోసం 2021లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసి జాతీయ కమిషన్ ఏర్పాటుకు వీలు కల్పించింది. నిబంధనలు మారుతున్నాయి కనుక ఈ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదువు. ఆసుపత్రి పని ఇంట్లో కూర్చుని దూరవిద్యలో నేర్పిస్తామనే సంస్థల జోలికి అసలు పోవద్దు.

జర్మనీ వెళ్లి ఉద్యోగం చేయాలన్న ఆశ ఉంటే నర్సింగ్ మంచి దారే, కాని అక్కడి భాషలో పరీక్ష తప్పదు, మొదటి ఏడాది నుంచే నేర్చుకోవాలి.

కౌన్సెలింగ్ పూర్తికాకముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీకీ ఇవ్వవద్దు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు నువ్వు చూసివచ్చిన కాలేజీల పేర్లు వరుసగా రాసి నాకు పంపు, కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ