ఆమె వచ్చింది, అది వచ్చింది

సందేహం: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియాలో. టీనేజ్ పిల్లల కోసం తెలుగులో ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. నాయిక పదహారేళ్ల ఆండ్రాయిడ్, అంటే అచ్చం మనిషిలా ఉండే యంత్రం. మా ఊళ్లోనే ప్లస్ టూలో చేరుతుంది, యంత్రమని క్లాసులో ఎవరికీ తెలియదు. కథలో తనని 'ఆమె' అనాలా, 'అది' అనాలా? ముందు ఒడియాలో చిత్తుప్రతి రాసుకున్నప్పుడు ఈ చిక్కు రాలేదు. ఆండ్రాయిడ్‌కి తెలుగు మాట కూడా చెప్పండి.

సమాధానం: ఒడియాలో ఎందుకు వస్తుందమ్మా! 'సె ఆసిలా' అంటే అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, రెండూను. క్రియలో ఆడా మగా తేడా లేదు. తెలుగులో మగవాడు ఒక్కడే విడిగా నిలబడతాడు. ఏకవచనంలో ఆడపిల్లకీ ఆవుకీ అలమారుకీ ఒకటే క్రియ: వచ్చింది, పడింది, నవ్వింది. బహువచనానికొచ్చేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి 'వచ్చారు' అవుతారు, ఆవులు 'వచ్చాయి' దగ్గరే ఉండిపోతాయి. స్త్రీలను ఏకవచనంలో వస్తువుల పక్కన కూర్చోబెట్టారని ఈ పద్ధతి మీద కోపగించుకునేవాళ్లున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. మీ నవలకి మాత్రం ఇది వరం. నాయకుడు అబ్బాయి అయ్యుంటే 'వచ్చాడు' అనాలో 'వచ్చింది' అనాలో మొదటి వాక్యంలోనే తేల్చుకోవాల్సి వచ్చేది. మీ పిల్ల అయితే వంద పేజీలైనా 'వచ్చింది' చాటున దాక్కోగలదు.

సర్వనామం దగ్గర కూడా మీరనుకున్నంత టెన్షన్ అక్కర్లేదు. మీ వైపు మామ్మలు మనవరాలి గురించి 'అదింకా తిన్లేదు' అంటారు కదా. 'ఆ గుంట ఏదీ, అదెక్కడికెళ్లింది' అన్నా అందులో ముద్దే వినిపిస్తుంది. కాబట్టి మామ్మ 'అది' అంటే మనవరాలు, ల్యాబ్ మనిషి 'అది' అంటే యంత్రం. మాట ఒకటే, ఎవరి నోట వస్తోందన్నదే తేడా. కథకురాలిగా మీరు మాత్రం మొదటి నుంచీ 'ఆమె' అనే రాయండి. మధ్యలో 'అది'కి మారితే మీరే పిల్లను బల్ల మీదికెక్కించి మరలు విప్పినట్టుంటుంది.

గుట్టు బయటపెట్టే చోట్లు వేరే ఉన్నాయి. నేనైతే సంఖ్యావాచకాన్ని వాడుకుంటాను. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు. వస్తువులైతే రెండు, మూడు. మీ నాయికతో కలిపి ముగ్గురు స్నేహితురాళ్లు గుణుపురం బస్సెక్కారనుకోండి. కండక్టరు 'ఎంతమంది?' అని అడిగితే ఒకమ్మాయి 'ముగ్గురం' అంటుంది. అప్పటికే నిజం తెలిసిపోయిన రెండో అమ్మాయి 'ఇద్దరం' అంటుంది. అంతే, ఇంకేం వివరించక్కర్లేదు.

రెండోది ద్వితీయా విభక్తి. జడపదార్థాలకి 'ని, ను' వదిలేయడం మనకి అలవాటు: ఫోను కొన్నాను, కుర్చీ తెచ్చాను. మనిషికి అలా కుదరదు. 'శాంతి తెచ్చాను' అంటే ఎక్కడి నుంచో ప్రశాంతత పట్టుకొచ్చినట్టవుతుంది, 'శాంతిని తెచ్చాను' అనాల్సిందే. మీ కథలో కంపెనీ వాళ్లు 'మోడల్ తెచ్చాం' అంటారు, పెంచిన తల్లి 'పిల్లని తెచ్చారు' అంటుంది. ఆ ఒక్క 'ని' చూసి పాఠకుడు ఎవరి పక్షమో పోల్చుకుంటాడు.

ఉత్తమపురుషలో రాసినా ఇబ్బంది లేదు. 'నేను చదువుకున్నదాన్ని' అని ఆడపిల్ల అనేదే. అందులో 'దాన్ని' ఉందని ఎవరూ పట్టించుకోరు. మీ పిల్ల ఒకరాత్రి పట్టించుకుంటే బాగుంటుంది.

ఇక పేరు. 'ఆండ్రాయిడ్' అంటే మన జనానికి ఫోనే. పైగా ఆ మాట ముందు భాగం 'ఆండ్ర్'కి గ్రీకులో అర్థం మగవాడు. 'రోబో' అనేది 1920లో కరెల్ చాపెక్ రాసిన చెక్ నాటకం నుంచి వచ్చింది. దాని మూలానికి అర్థం వెట్టిచాకిరి. నా ఓటు 'మరమనిషి'కి. పిండిమరలో ఉన్న మరే ఇది, పల్లెలో కూడా తెలుస్తుంది. ఇంకో లాభం ఉంది. 'రోబోలు వచ్చాయి' అంటాం గానీ, 'మరమనుషులు' అనగానే నోరు దానంతటదే 'వచ్చారు' అనేస్తుంది. సమాసంలో చివరి మాట మనిషి కదా, పెత్తనం దానిదే. 'యంత్రమానవి' లాంటివి వద్దు. మీ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి, వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిని తలుచుకునైనా మానేయండి.

మీరడగని మాట ఒకటి. 'పదహారేళ్ల మరమనిషి' అని అట్ట మీద వేయకండి. తయారై పదహారేళ్లయిందనుకుంటారు. మా ఇంట్లో గ్రైండరుకి అంతకంటే ఎక్కువే ఉంటాయి. 'పదహారేళ్ల పిల్లలా ఉండే మరమనిషి' అంటే సరిపోతుంది.