నాన్నగారి స్పోర్ట్స్ కారులో వేరే ఇంజిన్ బిగించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 2001లో కొన్న శాన్ స్టార్మ్ కారు మా ఇంటి షెడ్డులో ఉంది. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. ఇంజిన్ పట్టేసింది, స్పేర్ పార్టులు దొరకడం లేదు. యాక్సిడెంట్ అయిన ఒక సెడాన్ నుంచి తీసిన వేరే కంపెనీ 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ తుక్కు వ్యాపారి దగ్గర చూశాను, బేరం కూడా కుదిరింది. నేను మెకానికల్ ఇంజినీరును. మౌంటింగులు, వైరింగ్ ఇంట్లోనే చేసుకోగలను. కారు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. 2016లో ఆర్సీ రెన్యువల్ చేయించారు, ఆ తర్వాత మళ్లీ చేయించలేదు. ఇలా ఇంజిన్ మార్చడం నేరమా? పాత ఇంజిన్ అమ్మేసుకోవచ్చా?

జవాబు: ఆ ఇంజిన్‌కు ఇంకా డబ్బు కట్టకపోతే ఆగండి. మీరు చెప్పిన మార్పు చట్టం ఒప్పుకునేది కాదు. ఎంత నైపుణ్యంతో చేసినా, ఎంత చక్కగా స్టార్టయినా ఇందులో తేడా రాదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 చెప్పేది ఇది: ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో పొసగని విధంగా ఏ యజమానీ తన వాహనాన్ని మార్చకూడదు. మీ ఆర్సీ తీసి చూడండి. తయారీదారు పేరు, మోడల్, ఇంధనం, క్యూబిక్ కెపాసిటీ, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అన్నీ అందులో ఉంటాయి. శాన్ స్టార్మ్ గోవాలో తయారైంది, అందులో వచ్చింది రెనో వారి 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. దాని స్థానంలో మరో కంపెనీ 1.6 లీటర్ల ఇంజిన్ కూర్చోబెడితే కెపాసిటీ, ఇంజిన్ నంబరు, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ అన్నీ ఒక్క దెబ్బతో తప్పిపోతాయి. రంగు మార్చినట్టు ఆర్సీలో ఒక ఎంట్రీ వేయించుకుంటే సరిపోయే వ్యవహారం కాదు.

చాలామంది ‘రోడ్డు మీదికి తీయనంతవరకు ఏం కాదు’ అనుకుంటారు. సెక్షన్‌లో ఉన్న మాట నడపడం గురించి కాదు, మార్చడం గురించి. రిజిస్టరైన వాహనాన్ని అనుమతి లేని విధంగా మారిస్తే సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది 2019 సవరణతో వచ్చింది. రిపేరు కోసం ఇంజిన్ దించడం, విప్పి శుభ్రం చేయడం మార్పు కిందికి రావు. ఆ పని మీ షెడ్డులో నిశ్చింతగా చేసుకోండి.

2019 జనవరిలో ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. అంతకుముందు కేరళ హైకోర్టు కాస్త ఉదారంగా చెప్పిన తీర్పును పక్కనపెట్టి, తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని స్పష్టం చేసింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మార్చే కిట్లకు సెక్షన్ 52లోనే మినహాయింపు ఉంది. మీ ఊహలో ఉన్న ఇంజిన్ పెట్రోల్‌దే కాబట్టి ఆ మినహాయింపు మీకు అక్కరకు రాదు. ప్రత్యేక అవసరాలకు కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చనే వాక్యం కూడా ఆ సెక్షన్‌లో ఉంది కానీ, హాబీ కోసం అది దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు.

జరిమానా కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది సెక్షన్ 55(5). వాహనం మీద చెక్కి ఉన్న ఇంజిన్ నంబరుగానీ ఛాసిస్ నంబరుగానీ ఆర్సీలో రాసినదానితో కలవకపోతే, యజమాని వాదన విన్న తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని అందులో ఉంది. ‘చేయవచ్చు’ కాదు, ‘చేయాలి’. మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ మీ కారు దగ్గరికి వచ్చి చేసే మొదటి పని బానెట్ ఎత్తి, టార్చి వేసి, నంబరు చెక్కిన చోట మురికి తుడిచి, ఆర్సీతో ఒక్కో అంకె పోల్చడం. కొన్నిచోట్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. కొత్త ఇంజిన్ మీద నంబరు అరగదీసి పాత నంబరు కొట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లకు దూరంగా ఉండండి. అప్పుడది మోటారు వాహనాల చట్టంతో ఆగదు, నేరుగా పోలీసు కేసు.

ఇక ఆ తుక్కు ఇంజిన్ సంగతి. అది ఏ కారుది? ఆ కారు ఆర్సీ రద్దయిందా? శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం యజమాని 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి, అంటే ఆర్టీవో ఆఫీసుకు, చెప్పి ఆర్సీ పంపాలని సెక్షన్ 55(1) అంటుంది. ఆ పని జరగకపోతే అదే ఇంజిన్ నంబరు ఇంకో కారు పేరు మీద రికార్డుల్లో బతికే ఉంటుంది. బిల్లు లేకుండా నగదుకు కొన్నారనుకోండి, రేపు అది దొంగ కారుదని తేలితే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 317 మీ గుమ్మం ముందుకు వస్తుంది. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే మూడేళ్ల వరకు శిక్ష. నాకు తెలియదు అనేవారిని కోర్టు ముందు అడిగేది ‘బిల్లేదీ?’ అనే.

ఇన్సూరెన్స్ దగ్గర అసలు నష్టం ఉంది. ఇంజిన్ మార్చిన సంగతి పాలసీ తీసుకునేటప్పుడు చెప్పకపోతే, ముఖ్యమైన వాస్తవం దాచారని కంపెనీ వాదించవచ్చు. థర్డ్ పార్టీ కేసుల్లోనూ సెక్షన్ 150 కింద వారికి ఆ వాదన ఉంది. బాధితుడికి ముందు కంపెనీ చేత కట్టించినా, ఆ సొమ్మంతా మీ దగ్గర వసూలు చేసుకొమ్మని ట్రిబ్యునల్ చెప్పే అవకాశం ఉంటుంది. యాక్సిడెంట్ కేసుల్లో ఆ అంకె ఎక్కడికి పోతుందో, ఇల్లు అమ్ముకున్న కుటుంబాలను చూసినవాళ్లకు తెలుసు. ఎవరైనా చనిపోతే సంహితలోని సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యం కేసు వస్తుంది, శిక్ష ఐదేళ్ల వరకు. 1.2 లీటర్లకు వేసిన బ్రేకులతో 1.6 లీటర్ల బండి నడిపారన్న ఒక్క మాట చాలు ప్రాసిక్యూషన్‌కు. మీరు ఇంజినీరు కావడం అక్కడ మీకు ఎదురు తిరుగుతుంది. తెలిసి చేశారంటారు. పనిలో పనిగా, బిగింపు వీడియోలు తీసి నెట్‌లో పెట్టే సరదా ఉంటే మానుకోండి. మీ మీద సాక్ష్యం మీరే ఎడిట్ చేసి ఇచ్చినట్టవుతుంది.

మరి దారి లేదా అంటే ఉంది. నేనైతే మొదట చూసేది పట్టేసిన ఇంజిన్‌నే. బ్లాక్ పగలకపోతే బోరు చేయించి, స్లీవులు వేయించి, పిస్టన్లు రింగులు కొత్తవి వేస్తే అదే బ్లాక్, అదే నంబరు, అదే కెపాసిటీ. కంపెనీ కొలతలకే తెచ్చినంతకాలం అది రిపేరు, మార్పు కాదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ చదువుకు ఇదే అసలు పని అని నా అభిప్రాయం, కాస్త చొరవ తీసుకుని చెబుతున్నాను.

బ్లాక్ పనికిరాదని తేలితే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వెతకండి. అలాంటిది వేసుకోవడానికి రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి అడగవచ్చు. ఇంజిన్ కొన్న బిల్లు, అది వచ్చిన వాహనం కాగితాలు, పాత ఇంజిన్ ఎందుకు పనికిరాదో చెప్పే వర్క్‌షాపు లెటర్ జత చేసి ముందే దరఖాస్తు పెట్టండి. నోటిమాట అనుమతి అనుమతి కాదు, ఉత్తర్వు కాగితం మీద ఉండాలి. బిగించాక 14 రోజుల్లో ఆర్సీ ఇచ్చి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఈ రెనో ఇంజిన్ విదేశాల్లో క్లియో, ట్వింగో కార్లలో వచ్చింది. అక్కడి నుంచి వాడిన ఇంజిన్ తెప్పిస్తామనేవాళ్లు తగిలితే సరుకు సక్రమంగా దిగుమతైందని చూపే కస్టమ్స్ పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీ, చూపించమనండి. అక్రమంగా దిగుమతైన సరుకును కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 111 కింద జప్తు చేయవచ్చు, అప్పటికే అది మీ కారులో ఉన్నా సరే.

అయితే ఇంజిన్ మార్పుకు అనుమతి అడిగే హక్కు ఇవాళ మీకు లేదు, ఎందుకంటే యజమాని మీరు కారు. యజమాని చనిపోతే వారసుడు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మీరు ఆలస్యం చేశారు, ఆలస్య రుసుము పడవచ్చు, అంతే తప్ప దారి మూసుకుపోలేదు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారు, తోబుట్టువుల నుంచి అభ్యంతరం లేదనే అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. ఆ కారు మీద అన్నకో చెల్లికో కూడా మమకారం ఉండొచ్చు. ఇంజిన్ దించకముందే ఆ మాట మాట్లాడుకోవడం మంచిది.

రెండో చిక్కు రిజిస్ట్రేషన్ గడువు. సొంత కారుకు మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. మీ లెక్కన 2021లోనే గడువు తీరింది. ఆ కారును ఇప్పుడు రోడ్డెక్కిస్తే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. చెల్లే రిజిస్ట్రేషన్ లేనప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ నిలవదని 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెన్యువల్‌కు బండిని తనిఖీ చేయించాలి, తనిఖీకి ఇంజిన్ నడవాలి. అందుకే పేరు మార్పు, రెన్యువల్, అవసరమైతే ఇంజిన్ అనుమతి మూడూ ఒకే కవరింగ్ లెటర్‌లో రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తనిఖీకి బండిని నడిపించుకుంటూ కాకుండా టోయింగ్ వాహనం మీద తీసుకెళ్లండి. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు వేసుకోవచ్చు.

పాత కారు కాబట్టి వింటేజ్ కింద వెసులుబాటు దొరుకుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, పైగా ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఎలక్ట్రిక్ కిట్ వేయించాలనుకుంటే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి టెస్టింగ్ సంస్థ ఆమోదం ఉన్నది కొని, అధీకృత ఇన్‌స్టాలర్ చేతే వేయించాలి. ఇంట్లో చేసుకునే పని కాదది. అందరూ ఏమన్నా సరే 1.6 ఇంజినే కావాలంటే, ముందు రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుని, బండిని ట్రైలర్ మీద మాత్రమే తీసుకెళ్లి, మూసి ఉన్న రేస్ ట్రాక్ మీద నిర్వాహకుల షరతులకు లోబడి నడుపుకోవడం ఒక్కటే మిగులుతుంది. మళ్లీ దానికి నంబరు ప్లేటు దొరకడం దాదాపు అసాధ్యం, అది తెలిసే చేయండి.

పాత ఇంజిన్ అమ్మడం గురించి అడిగారు. ఇప్పుడైతే వద్దు. ఆ నంబరు ఇంకా నాన్నగారి ఆర్సీ మీద ఉంది. అమ్మిన బ్లాక్ రేపు ఏ బండిలో తేలినా ముందు అడిగేది మీ ఇంటివాళ్లనే. కొత్త నంబరు ఆర్సీలోకి ఎక్కాక, కొన్నవారి పేరు, గుర్తింపు, ఇంజిన్ నంబరు రాసిన రసీదు తీసుకుని అప్పుడు ఇవ్వండి.