నెల్లూరు గొర్రెతో స్వెటర్ అవ్వదు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బెంగళూరులో స్థిరపడ్డాం, యలహంక దాటి దొడ్డబళ్లాపుర వైపు కొంచెం స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో నాటుకోళ్లు ఉన్నాయి. నాకు అల్లిక వచ్చు, చిక్‌పేటలో ఊలు కొని పిల్లలకు స్వెటర్లు అల్లుతుంటాను. ఇప్పుడు సొంతంగా ఉన్ని వడికి అల్లాలని ఆశ. మామగారు ఊరి నుంచి నాలుగు గొర్రెలు పంపిస్తామంటున్నారు. కోళ్లతో పాటు ఒకే షెడ్డులో పెట్టుకోవచ్చా? స్వెటర్లకు సరిపడా ఉన్ని వస్తుందా?
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మామగారికి ఫోన్ చేసి కాస్త ఆగమని చెప్పండి. ఒంగోలు వైపు మందల్లో ఎక్కువగా ఉండేది నెల్లూరు జాతి. తెల్లగా ఉంటే పల్ల అంటారు, తెల్లటి ఒళ్లు, మొహం మీద నల్ల మచ్చలు ఉంటే జోడిపి, ఎర్రగా ఉంటే డోర. పొడుగ్గా చూడముచ్చటగా ఉంటాయి, మాంసానికి వాటికి వంక పెట్టలేం. కానీ వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే తప్ప వడకడానికి పనికొచ్చే ఉన్ని కాదు. పెంచుకోవాలంటే పెంచుకోండి, ఉన్ని మాత్రం ఆశించకండి.

ఉన్ని కావాలంటే మన చుట్టుపక్కల దొరికేది దక్కనీ గొర్రె, బళ్లారి గొర్రె. నలుపు, నలుపు తెలుపు కలిసినవి ఎక్కువ. ఇక్కడి కురుబలు, మన వైపు కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఆ ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి కంబళ్లు, గొంగళ్లు నేస్తారు. చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె కంబళ్లకు పేరు. వానలో కాపరి కప్పుకుంటే ఆ గొంగడి ఎంత కాస్తుందో చూసినవాళ్లకు తెలుసు, ఆ ఉన్ని మీద నాకు చాలా గౌరవం. కానీ అది ముతక. పసిపిల్లల మెడకు తగిలితే గుచ్చుకుంటుంది, దురద పెడుతుంది. పైగా ఒక గొర్రె ఏడాదంతా ఇచ్చేది మట్టితో కలిపి కిలో కూడా ఉండదు, పెద్దవాళ్ల స్వెటర్‌కేమో శుభ్రమైన నూలు అర కిలో దాకా పడుతుంది.

మెత్తటి ఉన్ని మన దక్షిణాదిలో లేదని కాదు, కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధనా సంస్థ వాళ్ల కేంద్రం ఉంది, అక్కడ భారత్ మెరినో జాతిని పెంచుతున్నారు. అది చలికొండ. మీ దొడ్డబళ్లాపుర ఎండకు ఆ గొర్రెను తెచ్చి కష్టపెట్టొద్దని నా సలహా.

కాబట్టి గొర్రెను కొనకముందే ఉన్నిని తెచ్చుకోండి. చాలాచోట్ల ఉన్నికి ధర లేక కాపరులు కత్తిరించి అక్కడే పారేస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కత్తిరింపుల సమయంలో మందల దగ్గరికి వెళ్లి, మంచి ధర ఇచ్చి, వీపు మీది, భుజాల మీది ఉన్ని అడగండి. పొట్ట కింది, కాళ్ల దగ్గరి ఉన్నిలో పేడ, పల్లేరుకాయలు ఉంటాయి. ఇంటికి తెచ్చాక ఉల్లిపాయల వల సంచిలో వదులుగా నింపి, చెయ్యి ఓర్చుకునే వేడినీళ్లలో కుంకుడు రసం కలిపి ముంచి వదిలేయండి. పిసకకూడదు, రుద్దకూడదు, వేడినీళ్లలోంచి తీసి చన్నీళ్లలో వేయకూడదు. ఇవి చేశారంటే ఉన్ని ముద్దకట్టి చాపలా అవుతుంది, ఇక విడదీయలేరు. నీళ్లు మట్టిరంగు పోయేదాకా మారుస్తూ, నీడలో ఆరబెట్టి, వేళ్లతో పీకి విడదీసి, ఆ తర్వాత ఏకండి. వడకడానికి మొదట తకిలి (చేత్తో తిప్పే చిన్న కదురు) చాలు, రాట్నం తర్వాత కొనొచ్చు. ఒంటి పోగు ఒకవైపు తిప్పి వడికితే, రెండు పోగులు కలిపేటప్పుడు దానికి ఎదురు దిక్కుకు తిప్పాలి, లేకపోతే అల్లిన బట్ట ఓ పక్కకు లాగేస్తుంది. ఈ ముతక నూలుతో ఆసనాలు, సంచులు, కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లండి, చాలా కాలం మన్నుతాయి. పిల్లల స్వెటర్లకు చిక్‌పేట ఊలే మంచిది.

ఇవన్నీ చేశాక కూడా గొర్రెలు కావాలనిపిస్తే తెచ్చుకోండి, కానీ ఒక్కదాన్నో రెండింటినో కాదు, కనీసం మూడు. మంద లేని గొర్రె బెంగపెట్టుకుంటుంది, మేత మానేస్తుంది.

ఇక ఒకే షెడ్డు సంగతి. వద్దు. పగలు కోళ్లు, గొర్రెలు ఒకే పెరట్లో తిరిగితే ఇబ్బంది లేదు, కోళ్లు పేడ కెలికి పురుగులు ఏరుకుంటాయి. రాత్రి మాత్రం కోళ్లు గొర్రెల పైన దూలం మీద కూర్చుంటే రెట్టంతా ఉన్ని మీదే, నీళ్ల తొట్టిలో కూడా. అంతకంటే పెద్ద ప్రమాదం కోళ్ల దాణా. గొర్రె తలుపు సందులోంచి దూరి దాణా బస్తా ఖాళీ చేస్తే కడుపులో ఆమ్లం పెరిగి, పొట్ట ఉబ్బి, పారుకుని ప్రాణం మీదికి వస్తుంది. రోజూ కొంచెం కొంచెం తిన్నా ఇంకో సమస్య ఉంది: దాణాలో కలిపే రాగి (ధాన్యం కాదు, కాపర్ అనే లోహం) కోడికి మంచిదే, గొర్రెకు విషం. అది కాలేయంలో పేరుకుని, బయటికి ఏమీ కనపడకుండా ఉండి, ఒకరోజు హఠాత్తుగా కళ్లు పచ్చబడి మూత్రం ఎర్రగా వస్తుంది. అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది. ఆవులకు వేసే మినరల్ మిక్స్‌చర్ కూడా ఇందుకే పెట్టొద్దు, గొర్రెలదే అడిగి కొనండి. కోళ్ల దాణా గొర్రె తల దూరని కన్నంలోంచి కోడి మాత్రమే వెళ్లేలా, వేరే గూట్లో పెట్టండి.

గొర్రెలకు తలకు పది చదరపు అడుగుల చోటు, ఎత్తుగా ఆరిన నేల, చుట్టూ గట్టి మెష్ కావాలి. ఊరి చివర కుక్కల గుంపులు ఉంటాయి కదా, మెష్ విషయంలో మాత్రం డబ్బు మిగల్చకండి. వానలకు ముందు చిటుక రోగానికి టీకా, నట్టల మందు, పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) టీకా మీ పశువైద్యుడు చెప్పిన వేళకు వేయించండి.

ప్రశ్న: కోళ్లు కొక్కెర తెగులుతో (రానిఖెట్ జబ్బు) ఒక్కసారిగా పోయాయి. మళ్లీ ఏ జాతి తెచ్చుకోవాలి?
- ఒక పాఠకుడు, హోసకోటె

జవాబు: జాతి కంటే ముందు ఆ తెగులుకు టీకా. మొదటి వారంలో లసోటా చుక్క, రెండు నెలలప్పుడు ఆర్‌టూబీ ఇంజెక్షన్ అని మీ డాక్టరుతో మాట్లాడి క్యాలెండర్ మీద రాసుకోండి. పాత చెత్త, పరుపు పొట్టు కాల్చేసి, సున్నం కొట్టి, కొన్ని వారాలు గూడు ఖాళీగా ఉంచాకే కొత్త పిల్లలను తేవాలి. జాతి అంటారా, గిరిరాజ బెంగళూరు పశువైద్య కళాశాలలో పుట్టినదే, పెరట్లో తిరిగి బతుకుతుంది. గుడ్లే ముఖ్యమైతే హైదరాబాద్ కోళ్ల పరిశోధనా సంస్థ వాళ్ల గ్రామప్రియ చూడండి. రెండూ పొదగవు, పిల్లలు కావాలంటే ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోండి.