రెండించుల నీళ్లు ఏడాదంతా ఉంటాయా?

ప్రశ్న: పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. బోరు వేసినరోజు రెండించుల నీళ్లు పడ్డాయి. మా వాగు పొడవునా 20 బోర్లు, ఎండాకాలం అన్నీ తగ్గిపోతున్నాయి. రోజుకు ఎన్ని గంటలు తోడితే నిలబడతాయి? కంప్యూటర్ మోడల్ వేయిస్తే తేలుతుందా?

జవాబు: ఆ రెండించులు నీరు వచ్చే వేగం మాత్రమే, కింద నిల్వెంతో అది చెప్పదు. లెక్క మీ ఒక్క బోరుకు కాదు, వాగు పరీవాహకం, అంటే వాన నీరు ఆ వాగులోకి చేరే నేల మొత్తానికి కట్టాలి.

ముందు నీటిమట్టం చూడండి, మేలో ఒకసారి, జనవరిలో ఒకసారి. నవంబరుతో సరిపెట్టుకోవద్దు. నెల్లూరుకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవి, డిసెంబరులోనూ పడతాయి. వాడని బోరు ఎంచుకుని, చుట్టుపక్కల మోటార్లు రాత్రంతా ఆపించి తెల్లవారి కొలవండి. సాగని తాడుకు చిన్న స్టీలు గిన్నె బోర్లించి కట్టి దించితే, నీటికి తగలగానే టప్పుమంటుంది. మోటారు ధారకు 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. 80 సెకన్లలో నిండితే గంటకు 9 ఘనపు మీటర్లు.

పరీవాహకం 200 హెక్టార్లు, మే నుంచి జనవరికి మట్టం 5 మీటర్లు పెరిగింది అనుకుందాం. శిథిలమైన గట్టిరాతి పొర తన ఘనపరిమాణంలో నూటికి 1 నుంచి 3 వంతుల నీరే వదులుతుంది. ఒకటిన్నర వేసుకుంటే 1,50,000 ఘనపు మీటర్లు. మే నుంచి జనవరి దాకా తోడినదీ దీనికి కలపాలి, చాలామంది మరిచేది ఇదే. 20 బోర్లకూ బోరుకు 200 గంటలు, గంటకు 9 ఘనపు మీటర్ల చొప్పున 36,000. మొత్తం 1,86,000, అంటే నేలమీద 93 మిల్లీమీటర్ల మందం. ఆ ఏడు వాన 1,000 మిల్లీమీటర్లయితే అందులో 9 శాతం భూమిలోకి ఇంకినట్టు, నమ్మొచ్చు. పాతిక శాతం వచ్చిందంటే లోతు పగుళ్ల బోరులో మట్టం కొలిచి ఉంటారు. సన్నటి పగులులో కొద్ది నీటికే మట్టం ఎగబాకుతుంది.

ప్రభుత్వ లెక్కలో 70 శాతం దాకా తోడితే సురక్షితం. అది 1,30,200. బోరుకు 6,510, అంటే 723 గంటలు. తోటకు నీరు పెట్టే 240 రోజులకు పంచితే రోజుకు 3 గంటలు. కరెంటు ఉంది కదా అని 9 గంటలు తిప్పితే 80 రోజులకే మీ వాటా ఖాళీ!

ఇక మోడల్. భూగర్భ జలాల కదలికను లెక్కించే మాడ్‌ఫ్లో లాంటి ప్రోగ్రాములు మూడు నాలుగేళ్ల నెలవారీ మట్టాలు, పంపింగ్ పరీక్షలు అడుగుతాయి. అవి లేకుండా పగుళ్ల రాతినేలకు వేయిస్తే రంగుల పటం వస్తుంది, అంతే. ఆ డబ్బుతో రెండు పరిశీలన బోర్లు కేటాయించి నెలనెలా మట్టం రాయండి. జనవరి మట్టం పోయినేటికన్నా దిగితే, ఫిబ్రవరికి ముందే 20 మందీ కూర్చుని గంటలు కుదించుకోవాలి.