గంజాయి: చట్టబద్ధ దుకాణం, దొంగ బజారు

ప్రశ్న: కెనడాలో గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసిన తరువాత కూడా దొంగ వ్యాపారం వెంటనే ఎందుకు మూతపడలేదు? ధర ఒక్కటే కారణమా?

జవాబు: ధర ప్రధాన కారణమే గాని, అదొక్కటే కాదు. 2018 అక్టోబరు 17న చట్టం అమల్లోకి వచ్చిననాడు, జనాభాలో అతి పెద్ద రాష్ట్రమైన అంటారియోలో చట్టబద్ధమైన దుకాణం ఒక్కటీ లేదు. 2019 ఏప్రిల్ దాకా ప్రభుత్వ వెబ్‌సైటులో ఆర్డరు పెట్టి పార్సిల్ కోసం ఎదురుచూడవలసిందే. ఫోను చేస్తే సరుకు తెచ్చిచ్చే పాత అమ్మకందారును వదులుకోవడానికి ఇది గట్టి కారణమేమీ కాదు.

ఇక పన్ను సంగతి. ఎండు పువ్వు మీద ఉత్పత్తిదారు గ్రాముకు ఒక డాలరు గాని, తన అమ్మకపు ధరలో 10 శాతం గాని, ఏది ఎక్కువైతే అది ఎక్సైజు సుంకంగా కట్టాలి. ఆ డాలరు తగ్గదు గనుక సరుకు చవకయ్యేకొద్దీ భారం పెరుగుతుంది: గ్రాము పది డాలర్లున్నప్పుడు పదో వంతు, నాలుగు డాలర్లకు దిగితే పావు వంతు. దొంగ బజారుకు ఈ సుంకమూ లేదు, పురుగుమందుల అవశేషాల పరీక్ష ఖర్చూ లేదు (కొనేవారికి చట్టబద్ధ దుకాణంలో దక్కే అసలు లాభం ఆ పరీక్షేనని నా అభిప్రాయం). గంజాయి కలిపిన తినే పదార్థాల ప్యాకెట్టులో మత్తు కలిగించే రసాయనమైన టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటరాదన్న నిబంధన, ఎక్కువ మోతాదుకు అలవాటుపడినవారికి చట్టబద్ధ సరుకును మరింత ఖరీదు చేసింది. దుకాణాలు పెరిగి, ధరలు దిగిన మీదటే కొనుగోలుదారులు పెద్దసంఖ్యలో ఇటు మళ్లారు.